పదిహేనేళ్లకు దగ్గరి దారి

శ్రీపతి తెనాలి నుంచి హైదరాబాదు వచ్చింది 1949 వేసవిలో. పోలీసు చర్య జరిగి అప్పటికింకా ఏడాది కాలేదు. అన్నాళ్లూ ఉర్దూలో నడిచిన కచేరీలు ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మారుతున్నాయి. షార్ట్‌హ్యాండూ టైపూ వచ్చినవాడు నాంపల్లిలో రైలు దిగితే చాలు, ప్లాట్‌ఫారం మీదే పట్టుకుపోయి కుర్చీలో కూర్చోబెడుతున్నారని తెనాలిలో చెప్పుకునేవారు. అంత కాకపోయినా, దిగిన కొద్దిరోజులకే అతనికి నాంపల్లిలో ఒక సర్కారు కచేరీలో స్టెనో పని దొరికింది. టెంపరరీ.

ఆ టెంపరరీ అన్న మాటను అతను మొదట్లో పట్టించుకోలేదు. పెద్దసారు చెప్పింది చెప్పినట్టు తప్పు లేకుండా కొట్టి ఇచ్చేవాడు కచేరీ మొత్తంలో తనొక్కడే. తనను తీసేస్తే ఉత్తరాలెవరు రాస్తారు? ఆ ధీమాతోనే, పర్మనెంటు చేయమని అర్జీ పెట్టుకున్నాడు. ముల్కీ సర్టిఫికెట్ తెమ్మన్నారు.

ముల్కీ అంటే ఈ రాజ్యం మనిషి. ఇక్కడ పుట్టి ఉండాలి. పుట్టకపోతే పదిహేనేళ్లు ఇక్కడే స్థిరంగా కాపురం ఉండాలి, సొంత ఊరికి తిరిగి పోయే ఉద్దేశం లేదని ప్రమాణం చేసి రాసివ్వాలి. ఆ రెండూ కానివాడు గైర్ ముల్కీ. పరాయివాడు.

"దేశమంతా ఒకటైంది కదండీ. పైగా నేనూ తెలుగువాణ్ణే. పరాయివాణ్ణి ఎలా అవుతాను?" అని సూపరింటెండెంటును అడిగాడు శ్రీపతి.

"దేశం ఒక్కటైంది. నౌకరీలు ఒక్కటి కాలె," అన్నాడాయన, పాన్ డబ్బీ మూత పెడుతూ.

అప్పటికి శ్రీపతి అబిడ్స్ వెనక గల్లీలో సౌభాగ్యమ్మ గారింట్లో ముందు భాగం అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఆమె భర్త నిజాం కాలంలో గుమాస్తాగా చేసి పోయాడు. కొడుకు బాలకిషన్ శ్రీపతి కచేరీలోనే మరో సెక్షన్లో అహల్కారు, అంటే గుమాస్తా. శ్రీపతికి తోడుగా చెల్లెలు కమల ఉండేది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి కూడా పోయాక, ఒక ట్రంకుపెట్టెతో ఆమె అన్న దగ్గరికి వచ్చేసింది. వంట చేయడం, ఇల్లు చూసుకోవడం ఆమె పని అని ఎవరూ చెప్పలేదు. చేయవద్దని కూడా ఎవరూ అనలేదు. స్కూలు ఫైనలు మొదటిసారే పాసయింది కమల. శ్రీపతికి రెండుసార్లు పట్టింది. ఆ సంగతి ఇంట్లో ఇద్దరికీ తెలుసు కనక ఎత్తుకునేవారు కాదు.

"ముందు నా ఉద్యోగం ఖాయం కానీ, తర్వాత నీ పెళ్లి," అనేవాడు శ్రీపతి. "పర్మనెంటు ఉద్యోగస్తుడి చెల్లెలంటే సంబంధాలు వాటంతట అవే నడిచొస్తాయి."

"ఖాయం కావడానికి ఎన్నేళ్లు పడుతుంది అన్నయ్యా?"

"పదిహేను."

కమల చేతిలోని చేట కింద పెట్టింది. "అప్పటికి నాకు ముప్పై అయిదు దాటుతాయి."

"ఊరికే కూర్చున్నాననుకుంటున్నావా? దగ్గరి దారి వెతుకుతున్నాను," అన్నాడు శ్రీపతి నొచ్చుకుని.

వెతకడం అబద్ధం కాదు. సాయంత్రాలు అబిడ్స్‌లోని ఒక కాఫీ హోటల్లో అతని వంటివాళ్లు పదిమంది చేరేవారు. బెజవాడ, గుంటూరు, ఏలూరు మనుషులు. అందరికీ ఉద్యోగాలున్నాయి, ఎవరికీ నిజమైన సర్టిఫికెట్లు లేవు. మాటంతా దాని గురించే. ఫలానా చోట కొనుక్కోవచ్చు, మీ తాత ఇక్కడే పుట్టినట్టు సాక్ష్యాలతో సహా తయారుచేసి ఇస్తారు అన్నాడొకడు. కొనుక్కున్నవాళ్లు ఆ బల్ల దగ్గరే ఇద్దరున్నారు. శ్రీపతి కొనలేదు. పట్టుబడితే జైలని అతనికి భయం. ఆ భయాన్ని అతను నిజాయితీ అనేవాడు, నలుగురూ నమ్మేవారు.

ఇక్కడివాళ్లెవరైనా దత్తత తీసుకుంటే సరిపోవచ్చని ఇంకొకాయన అన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ల మగవాణ్ణి ఎవరు పెంచుకుంటారని అందరూ నవ్వారు. శ్రీపతీ నవ్వాడు. కానీ ఆ వారమంతా సౌభాగ్యమ్మ గారికి మోజంజాహీ మార్కెట్ నుంచి లేత బెండకాయలు తెచ్చి ఇచ్చాడు, ఆమె చేతిలోంచి నీళ్ల బిందె అందుకున్నాడు, ఒకరోజు నోరు జారినట్టుగా "అమ్మా" అని కూడా పిలిచాడు.

సౌభాగ్యమ్మ అతని మొహంలోకి చూసింది. "ఏంది బిడ్డా, కిరాయి తక్వ చెయ్యమంటవా?"

దత్తత ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

బాలకిషన్ కష్టం వేరు. అతను ముల్కీ. ఏడు తరాల ముల్కీ. ఉర్దూలో అతని దస్తూరీ చూసి పాత అధికారులు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని మెచ్చుకునేవారు. అటువంటి రాత ఇప్పుడు చదివేవాడు లేడు. ఇంగ్లీషు పరీక్ష పాసు కాకపోతే పై మెట్టు సరే, ఉన్న కుర్చీ కూడా ఉండదని కచేరీలో చెప్పేశారు. హక్కున్నవాడికి ఇంగ్లీషు లేదు, ఇంగ్లీషున్నవాడికి హక్కు లేదు. ఇద్దరి గుమ్మాలూ ఒకే వాకిట్లోకి తెరుచుకునేవి.

ఒకనాడు బాలకిషన్ వాకిట్లో నిలబడి, "శ్రీపతి సాబ్, జర నాకు ఇంగ్లీషు చెప్తరా?" అని అడిగాడు.

శ్రీపతికి అంతకన్నా గర్వించదగ్గ రోజు హైదరాబాదులో రాలేదు. ఒప్పుకున్నాడు. కొద్దిరోజులు పెద్ద గొంతుతో చెప్పాడు కూడా. తర్వాత కాఫీ హోటల్ కబుర్లు పోతున్నాయనిపించింది. "కమలా, ఆ గ్రామరేదో నువ్వు చెప్పు. నీకూ కాలక్షేపం," అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అలా వసారాలో పాఠాలు మొదలయ్యాయి. మధ్యలో సౌభాగ్యమ్మ వత్తులు చేస్తూ కూర్చునేది. ఆమె ఉందని శ్రీపతికి ధైర్యం. శ్రీపతి లేడని మిగతావాళ్లకు ధైర్యం.

"ఈ భాషల మర్యాద లేదండి," అన్నాడు బాలకిషన్ ఒక సాయంత్రం, పలకలాంటి తన పెద్ద నోటుపుస్తకం మూసి. "మా పెద్దసాబునూ 'యూ' అనాలె, చప్రాసినీ 'యూ' అనాలె. గిదేం కథ?"

"అందుకే పక్కన 'సర్' అని ఒకటి పెట్టుకున్నారు," అంది కమల.

బాలకిషన్ నోటుపుస్తకం మళ్లీ తెరిచాడు. "మరి మిమ్మల్ని ఏమనాలె?"

"పంతులమ్మ అనండి."

"ఇంగ్లీషుల ఏమనాలెనండి?"

కమల గ్రామరు పుస్తకంలో పేజీ తిప్పింది. సౌభాగ్యమ్మ వత్తి మీంచి తల ఎత్తలేదు. కానీ ఆ రోజు వత్తులు మామూలు కన్నా చాలా ఎక్కువ అయ్యాయి.

1952 వానాకాలంలో గొడవలు మొదలయ్యాయి. దొంగ సర్టిఫికెట్లతో బయటివాళ్లు ఉద్యోగాలన్నీ పట్టుకుపోతున్నారని విద్యార్థులు బళ్లు మానేసి రోడ్ల మీదికి వచ్చారు. "గైర్ ముల్కీ గో బ్యాక్" అన్న కేకలు స్టేషన్ రోడ్డు నుంచి అబిడ్స్ దాకా వినబడేవి. కాఫీ హోటల్ తలుపులు వేసేశారు. నది అవతల సిటీ కాలేజీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపారని, పిల్లలు చచ్చిపోయారని తెలిసిన రోజున గల్లీలో ఎవరింట్లోనూ పొయ్యి సరిగా వెలగలేదు. సౌభాగ్యమ్మ ఆ తల్లులను తలుచుకుని ఏడ్చింది. కమలా ఏడ్చింది. శ్రీపతి గడియ పెట్టుకుని లోపల కూర్చున్నాడు. ఏడవాలో భయపడాలో అతనికి తేలలేదు.

మరి రెండు రోజులకు కొందరు కుర్రవాళ్లు గల్లీలోకి వచ్చారు. బాలకిషన్ ఇంట్లో లేడు. సౌభాగ్యమ్మ కొంగు బిగించి గుమ్మంలో నిలబడింది.

"ఈ ఇంట్ల గైర్ ముల్కీ ఉంటున్నడంట గద అమ్మా?" అన్నాడు ముందున్నవాడు.

"ఎవలు చెప్పిన్రు?"

"అందరికి ఎరుకే. ఆయనను మేమేం చెయ్యం. కచేరీకి పోవొద్దని చెప్పిపోతం. మా అన్న డిగ్రీ చేసి మూడేండ్ల సంది ఇంట్ల కూసున్నడమ్మా. ఆయన కుర్చీల ఇంకొకరు కూసుంటే కడుపు మండదా?"

ఆ మాటలో అబద్ధం లేదని సౌభాగ్యమ్మకు తెలుసు. ఆమె కొడుకూ రేపో మాపో అలాగే కూర్చునేలా ఉన్నాడు. కానీ లోపల గడియ వెనక ఉన్నవాడు తన ఇంట్లో అన్నం తిన్న మనిషి.

"మండుతది బిడ్డా. మండకుంటెట్ల? గాని గీడ గైర్ ముల్కీ ఎవ్వరు లేరు. ఉన్నది మా కోడలి అన్న. సుట్టం. మా ఇంటికి సుట్టాలు గూడ రావొద్దా?"

కుర్రవాళ్లు మొహాలు చూసుకున్నారు. "బాలకిషనన్నకు పెండ్లెప్పుడైంది?"

"అయితది. ఖాయమైంది. దీపావళి ఎల్లినంక. మీరందరు రావాలె."

గుంపులో ఎవరో నవ్వారు. అన్నాళ్ల తర్వాత ఆ గల్లీలో అదే మొదటి నవ్వు. "బిర్యానీ పెడితే వస్తమమ్మా," అని ఒకడన్నాడు. ముందున్నవాడు దండం పెట్టి వెనక్కి తిరిగాడు.

తలుపు సందులోంచి అంతా విన్న శ్రీపతి, వాళ్లు వెళ్లిపోయాక బయటికి వచ్చి, ముందు సౌభాగ్యమ్మకు చేతులెత్తి మొక్కాడు. తర్వాత కోపం తెచ్చుకున్నాడు.

"అదేం మాటండీ? పెళ్లికాని పిల్ల ఇంట్లో ఉండగా!"

"నోట్లె గదే వచ్చింది. ఏం జెయ్యాలె?" అంది ఆమె. "కాదంటవా? పో, వాళ్లింక మూల మలగలె. పిలిచి కాదని చెప్పు."

శ్రీపతి పిలవలేదు. సాయంత్రానికి గల్లీలోని ఆడవాళ్లు పసుపూ కుంకుమా పట్టుకుని కమలను చూడడానికి వచ్చారు. ఈ పిల్లే గదా, మంచి పిల్ల, మేము ముందే అనుకున్నాం అన్నారు. వాళ్లు ముందే అనుకోవడమేమిటో శ్రీపతికి అర్థం కాలేదు. కులం ఒకటే, గోత్రం అడ్డు రాదు. అయినా అతను మొండికేశాడు. వరుడు ఇంకా ఇంగ్లీషు పరీక్షే గట్టెక్కలేదు, మన మాట వేరు వాళ్ల మాట వేరు, తెనాలిలో తలెత్తుకోలేను అని రాగం తీశాడు.

మర్నాడు గడ్డం గీసుకుంటుండగా అతనికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. బాలకిషన్ ముల్కీ. ఇక్కడి ముల్కీకి స్వయానా బావమరిది అయినవాడు గైర్ ముల్కీ ఎలా అవుతాడు? మూడేళ్లుగా ఊరంతా వెతికిన దారి తన వాకిట్లోనే ఉంది. సబ్బు నురగ మొహానికి ఉండగానే లోపలికి వెళ్లాడు.

"ఆలోచించాను కమలా. మనుషులు మంచివాళ్లు. మన పట్టింపులు వాళ్ల మంచితనం కన్నా పెద్దవా? నేను ఒప్పుకుంటున్నాను. నీకు ఇష్టమేనా?"

కమల అన్నను కొంచెం ఎక్కువసేపే చూసింది. "నీకిష్టమైతే నాకూ ఇష్టమే అన్నయ్యా," అని చారులో పోపు వేసింది.

దీపావళి వెళ్లాక పెళ్లి జరిగింది. గుంపులోని కుర్రవాళ్లలో కొందరు నిజంగానే వచ్చి, బిర్యానీ లేదని గొణుక్కుంటూ పులిహోర తిన్నారు. కన్యాదానం చేస్తూ శ్రీపతి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అవి నిజమైన కన్నీళ్లే. తండ్రి గుర్తొచ్చాడు. మధ్యలో సర్టిఫికెట్టూ గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా అతను నాంపల్లి స్టేషన్ రోడ్డులో జనార్దన్ వకీలు దగ్గరికి వెళ్లాడు. ఇటువంటి వ్యవహారాల్లో ఆయనకు మంచి పేరు. శ్రీపతి బంధుత్వం చెప్పి, శుభలేఖ బల్ల మీద పెట్టాడు.

వకీలు శుభలేఖ చదివి, బాగా అచ్చు వేయించారన్నాడు. "అయితే మీ బావ ముల్కీ. ఇగ మీ చెల్లె గూడ ముల్కీ. ముల్కీని చేసుకున్న ఆడామె ముల్కీ అయితదని కాయిదా ఉన్నది, సర్కారు రూలు. దరఖాస్తు పెట్టమనున్రి, ఏం తకలీఫ్ ఉండది."

"చాలా సంతోషం. మరి నా సంగతి?"

"మీ సంగతేంది? మీరు గైర్ ముల్కీ."

"ముల్కీ బావమరిదిని కదండీ!"

"కాయిదాల పెండ్లాం ఉన్నది. బావమరిది లేడు."

శ్రీపతి శుభలేఖను వెనక్కి తీసుకున్నాడు. దాన్ని మడిచి జేబులో పెట్టుకుంటూ, "పోనీ, నేనే ఒక ముల్కీ పిల్లను చేసుకుంటే?" అన్నాడు.

జనార్దన్ వకీలు జాలిగా చూశాడు. "ఆడది మొగని ఎనక వస్తది. మొగోడు ఆడదాని ఎనక వస్తడని రాసినోళ్లు అనుకోలె. రాసినోళ్లు మొగోళ్లు గద. మీరు ఆడపిల్లగ పుట్టి ఉంటే ఒక్క ముహూర్తంల పని అయిపోతుండె."

అద్దాలు తీసి తుడుచుకుంటూ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "ఫికర్ చెయ్యకున్రి. పదిహేనేండ్లు ఎంతల పోతయి?"

గొడవల తర్వాత కచేరీల్లో సర్టిఫికెట్ లేనివాళ్ల పేర్లు వెతకడం మొదలైంది. కొనుక్కున్నవాళ్లు ముందు పట్టుబడ్డారు. శ్రీపతిని ఎవరూ దొంగ అనలేదు. వేసవి రాకముందే, పని బాగా చేశాడని మెచ్చుకుంటూ ఒక ఉత్తరం ఇచ్చి పంపేశారు. పెద్దసారు చెబుతుంటే ఆ ఉత్తరం టైపు చేసింది కూడా శ్రీపతే. ఇంకెవరికీ తప్పు లేకుండా కొట్టడం రాదు.

తెనాలికి వెళ్లిపోదామా అనుకున్నాడు. వెళితే ఈ నాలుగేళ్లూ గంగలో కలిసినట్టే, తిరిగి వస్తే లెక్క మొదటి నుంచి మొదలు. ఉండడానికి కారణం అదేనని నలుగురికీ చెప్పాడు. బాలకిషన్ మాత్రం, "ముంగటి గది మీదే బావా, ఎవరు పొమ్మన్నరు?" అని, అబిడ్స్‌లో ఒక దుకాణం పైన కొత్తగా తెరిచిన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మాట్లాడి పని ఇప్పించాడు. ప్రైవేటు గనక అక్కడ సర్టిఫికెట్ ఎవరూ అడగరు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్లంతా ముల్కీ కుర్రవాళ్లే. తన కుర్చీలో కూర్చోబోయేవాళ్లకు శ్రీపతి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మిషను మీద వేళ్లు పెట్టడం నేర్పేవాడు. బాగా నేర్పుతాడని పేరు కూడా వచ్చింది.

ఆ జూన్‌లో నాంపల్లి ఆడపిల్లల సర్కారు బడిలో ఇంగ్లీషు పంతులమ్మ కావలసి వచ్చింది. కమల దరఖాస్తు పెట్టుకుంది. సర్టిఫికెట్ అప్పటికే చేతిలో ఉంది. ఉద్యోగం వచ్చింది. ఆమె బడికి వెళ్లే మొదటిరోజునే బాలకిషన్‌కు కచేరీలో ఇంగ్లీషు పరీక్ష పడింది, రెండోసారి. అందుకని బడి దాకా శ్రీపతి తోడు వెళ్లాడు.

గల్లీ దాటి, పెద్ద పోస్టాఫీసు ముందు నుంచి స్టేషన్ వైపు తిరిగారు. వాన పడి ఆగింది. రిక్షాలు నీళ్లు చిమ్ముతూ పోతున్నాయి. కమల కొత్త గొడుగు కర్రలా పట్టుకుని నడుస్తోంది. శ్రీపతి ఒక్కసారిగా అడిగాడు.

"ఆ కాయిదా సంగతి నీకు ముందే తెలుసా?"

"ఏ కాయిదా?"

"తెలియనట్టు మాట్లాడకు. పెళ్లాడితే ముల్కీ అవుతుందని."

"తెలుసు. ఆయనే చెప్పారు."

"ఎప్పుడు?"

"పాఠాలు చెప్పే రోజుల్లో. కచేరీలో ఆ కాయిదాలన్నీ ఉర్దూలో నకలు రాసింది ఆయనేగా. 'ముల్కీని చేసుకున్న ఆడామె ముల్కీ అయితదంట, మీకు ఎరుకేనా' అని అడిగారు. తెలియదన్నాను. 'అయితే ఇప్పుడు ఎరుకైంది గదా' అని పుస్తకం తీసుకుని వెళ్లిపోయారు." కమల నవ్వింది. "పెళ్లి మాట అడిగిన తీరు అది అన్నయ్యా. ఇంకోలా అడగడం ఆయనకు రాలేదు."

శ్రీపతి నడక ఆపాడు. "అంటే సర్టిఫికెట్ కోసమే చేసుకున్నావా?"

"ఉద్యోగం చేయాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. కాయిదా విన్న రోజు నిద్ర పట్టలేదు, నిజమే. మర్నాడు ఆయన పాఠానికి రాలేదు. జ్వరమట. ఆ రోజంతా నాకు కాయిదా గుర్తు రాలేదు, ఆయనే గుర్తొచ్చారు. నువ్వెలా అనుకున్నా సరే."

"మరి నాకెందుకు చెప్పలేదు? పెళ్లాం తప్ప బావమరిది లేడని ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే ఒప్పుకునేవాడివా?"

రైలు కూత వేసింది. ఒప్పుకునేవాణ్ణేనని అనడానికి శ్రీపతి నోరు తెరిచాడు గానీ, చెల్లెలి మొహంలోకి చూస్తే ఆ మాట రాలేదు.

"గొడుగు ఇలా ఇవ్వు, బరువు," అన్నాడు చివరికి.

"బరువేం లేదు. సాయంత్రం నువ్వు రానక్కర్లేదు. పరీక్ష అయ్యాక ఆయన వస్తానన్నారు."

బడి గేటు దగ్గర పెద్ద పంతులమ్మ ఎదురొచ్చింది. కమల నమస్కారం పెట్టి, "మా అన్నయ్యండీ. నా దగ్గరే ఉంటాడు," అని చెప్పింది. శ్రీపతి చేతులు జోడించాడు. మూడున్నరేళ్ల కిందట పక్కనున్న నాంపల్లి స్టేషన్లో కమలను దింపుకుని, ఎదురుపడిన తోటి గుమాస్తాతో, "మా చెల్లెలండీ, నా దగ్గరే ఉంటుంది," అన్న మనిషి అతను. ఇప్పుడా మాట చెల్లెలి నోట విని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారి నిలబడ్డాడు.

ఆమె లోపలికి వెళ్లాక అతను వెంటనే కదల్లేదు. టైపు క్లాసుకు ఇంకా వేళ ఉంది. గంట కొట్టారు. కాసేపటికి రోడ్డు వైపు కిటికీలోంచి కమల గొంతు వినిపించింది. ఒక ఇంగ్లీషు వాక్యం ఆమె చదివితే, పిల్లలందరూ ఒక్క గొంతుతో అప్పజెప్పారు. మళ్లీ చదివింది, మళ్లీ అప్పజెప్పారు. నాంపల్లి, అబిడ్స్, కాచిగూడ పిల్లలు ఇంగ్లీషును అచ్చమైన తెనాలి యాసలో సాగదీస్తున్నారు.

శ్రీపతి గోడ పక్కన నిలబడి మూడో వాక్యం కూడా విన్నాడు. వాన మళ్లీ మొదలైంది. రుమాలు నెత్తిన వేసుకుని అబిడ్స్ వైపు నడిచాడు.